తొలి కూలి రేటు – పదేళ్ల తరువాతి బతుకు

పంటల గురించి, పురుగుల గురించి వారం వారం చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ వారం కూలి గురించి చెప్పుకుందాం. అందులోనూ పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రవాళ్ల కూలి గురించి.

రెండెకరాలు, మూడెకరాల రైతుకు ఈ సంగతి రెండు వైపులా తగులుతుంది. శెనక్కాయ పీకేటప్పుడు మీరే కూలి ఇస్తారు. వాన మొహం చాటేసిన ఏడాది మీరే, లేదంటే మీ పిల్లలే కూలికి పోతారు. రేటు పెరగడం మంచిదా చెడ్డదా అని రచ్చబండ దగ్గర అడిగితే ఇచ్చే చెయ్యి ఒక మాట చెబుతుంది, పుచ్చుకునే చెయ్యి ఇంకో మాట చెబుతుంది. ఆ రెండు చేతులూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు లెక్క కాస్త జాగ్రత్తగా వేసుకోవాలి.

ఈ రోజు కూలి ఎంతన్నది ఊళ్లో అందరికీ తెలుసు. పదిహేడేళ్లకు పనిలో దిగిన కుర్రవాడు ఇరవై ఏడేళ్లకు ఏ పనిలో ఉంటాడు, ఇంటికి ఎంత తెస్తాడు అన్నది మాత్రం ఎవరూ లెక్క వెయ్యరు. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఇదే తర్జనభర్జన. చదివించాలా, పనికి పంపాలా? కనీస వేతనం అనే మాట ఈ నిర్ణయంలో ఎక్కడ తగులుతుందో చూద్దాం.

కనీస వేతనం అంటే?

మనిషి చేత పని చేయించుకుంటే ఇంతకు తక్కువ ఇవ్వడానికి వీల్లేదని ప్రభుత్వం గీసే గీతే కనీస వేతనం. మన దేశంలో దీనికి 1948లో చట్టం చేశారు. వ్యవసాయ పనులు మొదటి నుంచీ ఆ చట్టం కిందనే ఉన్నాయి. ఏ పనికి ఎంత అనేది రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. ధరలు పెరిగే కొద్దీ కరువు భత్యం కలుపుతారు.

ఆ పాత చట్టం స్థానంలో 2019లో వేతనాల కోడ్ అనే కొత్త చట్టం తెచ్చారు. అది 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులో మనకు పనికొచ్చే సంగతులు ఇవి.

ఒకటి, రేటును పని నైపుణ్యాన్ని బట్టి నిర్ణయించవచ్చు. పని రానివాడు, సగం నేర్చినవాడు, పని వచ్చినవాడు, బాగా చెయ్యి తిరిగినవాడు అని నాలుగు మెట్లు ఉంటాయి. ప్రాంతాన్ని బట్టి, పని ఎంత కష్టమన్నదాన్ని బట్టి కూడా తేడా పెట్టవచ్చు.

రెండు, ఒకే పనికి మగవాళ్లకు ఒక కూలి, ఆడవాళ్లకు ఒక కూలి కుదరదు.

మూడు, కూలి తక్కువ ఇచ్చారని మూడేళ్ల లోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. పాత చట్టంలో ఈ గడువు ఆరు నెలలే. ఎగ్గొట్టిన మొత్తానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం కూడా ఉంది.

నాలుగు, సేద్యానికి ఐదుగురికి మించకుండా మనుషులను పెట్టుకునే రైతుకు రిజిస్టర్లు, నోటీసు బోర్డు, జీతం చీటీల బాధ లేదు. అధికారి అడిగితే మాత్రం కూలి ఇచ్చినట్టు తగిన ఆధారం చూపాలి. నోటు పుస్తకంలో తేదీ, పేరు, పని, ఇచ్చిన సొమ్ము రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆ అలవాటు మీకే రక్ష.

"వాడే ఒప్పుకున్నాడు కదా, బేరం కుదిరాకే పనికి వచ్చాడు కదా" అనే మాట చెల్లదు. కనీస వేతనానికి తక్కువకు పని చేయించుకోవడం వెట్టి కిందికి వస్తుందని 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆకలి తరుముతుంటే ఒప్పుకున్న బేరాన్ని ఒప్పుదల కింద లెక్కకట్టరాదన్నది ఆ తీర్పు సారం.

రేటు పెరిగితే పనులు పోతాయా?

ఇది పాత వాదన. రేటు పెంచితే యజమాని మనుషులను తగ్గించేస్తాడని, ముందుగా దెబ్బ తినేది పని రాని కుర్రవాళ్లేనని ఒక పక్షం అంటుంది. అలా ఏమీ జరగదని ఇంకో పక్షం అంటుంది. రెంటికీ ఆధారాలున్నాయి.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్ 1న గంట కూలిని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఫలహారశాలల్లో మనుషుల లెక్క తీశారు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు. కూలి పెరిగిన చోట పనులు తగ్గలేదని తేలింది. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

డెన్మార్క్‌లో కథ వేరు. అక్కడ యూనియన్లూ యజమానులూ కలిసి రేట్లు ఒప్పందం చేసుకుంటారు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు తక్కువ రేటు, నిండిన రోజు నుంచి పెద్దల రేటు. ఆ పుట్టినరోజు నాడు కూలి సుమారు 40 శాతం పెరుగుతుంది. అదే సమయంలో పనిలో ఉన్నవాళ్ల సంఖ్య మూడో వంతు పడిపోతున్నట్టు పరిశోధకులు లెక్క తేల్చారు. చేతిలో పని ఏమీ లేని పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి పెద్దవాడి రేటు ఇవ్వాల్సి వస్తే, యజమాని పెద్దవాడినే పెట్టుకుంటాడు, లేదా ఇంకో పదిహేడేళ్ల వాడిని తెచ్చుకుంటాడు.

మరి మన దగ్గర? ఇది దూరదేశాల సంగతి కాదు, మన అనంతపురం జిల్లా కూడా ఉన్న లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి డబ్బులు సరిగా, సకాలంలో చేతికందాలని వేలిముద్రల స్మార్ట్‌కార్డులు పెట్టారు. అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరు, విజయనగరం, ఖమ్మం, నల్గొండ, ఆదిలాబాద్ జిల్లాల్లో 157 మండలాలను చీటీలు వేసినట్టు విడదీసి, కొన్నింట్లో ముందు, కొన్నింట్లో తరువాత కార్డులిచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఈ రెండు రకాల మండలాలను పోల్చి చూశారు.

ముందు కార్డులు అందిన మండలాల్లో ఉపాధి హామీ కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనుల్లో వచ్చిన డబ్బు కాదు, బయటి కూలి నుంచి వచ్చిందే. బయటి కూలి రేటు 11 శాతం పెరిగింది. అయినా బయట పనులు తగ్గలేదు, పెరిగాయి.

ఎందుకలా? వేరే దారి లేని కూలివాడికి ఊళ్లో పెద్ద రైతులు ఎంత చెబితే అంత. ఉపాధి పని నిజంగా దొరికి, డబ్బు నిజంగా చేతికి వస్తే వాడికి బేరమాడే బలం వస్తుంది. చేతికొచ్చిన డబ్బు మళ్లీ ఊళ్లోనే అంగట్లో, పాల దగ్గర, కోళ్ల దగ్గర ఖర్చవుతుంది. దాంతో కొత్త పనులు పుడతాయి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సూత్రం కనబడుతుంది. రేటు ఉండవలసిన దానికన్నా అణగదొక్కి ఉన్నచోట పెంచితే పనులు పోవు. ఏ పనీ నేర్వని కుర్రవాడికి ఒక్కసారిగా పెద్దవాడి రేటు వేస్తే మాత్రం తలుపు మూసుకుపోవచ్చు. మందు మోతాదు లాంటిదే ఇది. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే ఆకు మాడుతుంది.

పదేళ్ల తరువాత ఏమవుతుంది?

అసలు పాఠం ఇక్కడుంది. తొలి పని కుర్రవాడికి రెండు ఇస్తుంది. ఒకటి డబ్బు, రెండోది పనితనం. డబ్బు సాయంత్రానికి ఖర్చయిపోతుంది. పనితనం చేతిలో ఉండిపోతుంది. కనీస వేతనం మొదటిదాన్ని పెంచుతుందన్నది నిజం. రెండోదాన్ని పెంచుతుందా తగ్గిస్తుందా అన్నది మూడు దారుల మీద ఆధారపడుతుంది.

మొదటి దారి, అనుభవం. పనే దొరకకపోతే అనుభవం రాదు. అమెరికాలో డేవిడ్ న్యూమార్క్, ఒలెనా నిజలోవా అనేవాళ్లు 2007లో ఒక పరిశోధన అచ్చు వేశారు. పిల్లలు పదహారు పంతొమ్మిదేళ్ల వయసులో ఉన్నప్పుడు రేటు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో పెరిగినవాళ్లు, ఇరవై ఐదు దాటాక మిగతావాళ్ల కన్నా తక్కువ సంపాదిస్తున్నారని అందులో తేలింది. నల్లజాతి యువకుల్లో ఈ నష్టం మరింత ఎక్కువ. చిన్న వయసులో పని అనుభవం, నేర్పు తగ్గడం వల్ల ఇలా జరిగి ఉండవచ్చని వాళ్ల వివరణ.

రెండో దారి, మెరుగైన యజమాని. జర్మనీలో 2015 జనవరి 1 నుంచి గంటకు 8.50 యూరోలు కనీస వేతనం పెట్టారు. తక్కువ జీతం వాళ్లు పనులు పోగొట్టుకోలేదని, వాళ్లలో చాలామంది తక్కువ ఇచ్చే చిన్న కొట్ల నుంచి ఎక్కువ ఇచ్చే మంచి సంస్థలకు మారారని తరువాతి పరిశోధనలు చెప్పాయి. మంచి సంస్థలో ఉన్నవాడి బతుకు పదేళ్లకు మెరుగ్గానే ఉంటుంది.

జర్మనీ వాళ్లు ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. పని నేర్చుకునే అప్రెంటిస్‌లను, ఏ శిక్షణా పూర్తి చేయని పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను ఈ రేటు నుంచి మినహాయించారు. గంటకు ఎనిమిదిన్నర యూరోలు ఊరిస్తుంటే పిల్లలు పని నేర్చుకోవడం మానేసి గంట కూలికి పరుగెత్తుతారన్నది వాళ్ల భయం.

ఆ భయమే మూడో దారి. అదే చదువు, శిక్షణ. మన ఇళ్లల్లో ఎక్కువగా తగిలేది కూడా ఇదే. దీన్ని అంకెలు వేసి చూద్దాం.

మన ఇంటి లెక్క

ఈ కింది రేట్లు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే. మీ ఊరి రేట్లు వేసుకుని మీరే మళ్లీ చేసుకోండి.

పదో తరగతి అయిన ఇద్దరు కుర్రవాళ్లు. పెద్దవాడు వెంటనే మట్టి పనికి పోయాడు. రోజుకు 400 రూపాయలు, ఏడాదికి 200 రోజులు, మొత్తం 80,000. చిన్నవాడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరాడు. రెండేళ్ల కోర్సు. సంపాదన లేదు, పైగా బస్సు, పుస్తకాలు, తిండి కలిపి రెండేళ్లకు 40,000 ఖర్చు.

రెండేళ్లు గడిచేసరికి చిన్నవాడు వెనకబడింది ఎంత? రాని కూలి 1,60,000, చేతి ఖర్చు 40,000, కలిపి 2,00,000. మూడో ఏడు నుంచి చిన్నవాడికి రోజుకు 800 చొప్పున 200 రోజులకు 1,60,000. అన్న కన్నా ఏడాదికి 80,000 ఎక్కువ. రెండున్నరేళ్లలో పాత లోటు పూడిపోతుంది. ఆ తరువాత అంతా మిగులే.

ఇప్పుడు మట్టి పని రేటు 400 నుంచి 500కు పెరిగిందనుకోండి. అన్న సంపాదన ఏడాదికి లక్ష. చిన్నవాడు వదులుకున్న కూలి రెండు లక్షలు, ఖర్చు 40,000, లోటు 2,40,000. ఎలక్ట్రీషియన్ రేటు 800 దగ్గరే ఉండిపోతే తేడా ఏడాదికి 60,000 మాత్రమే. లోటు పూడటానికి నాలుగేళ్లు పడుతుంది. "అంతకాలం ఎవడు ఆగుతాడు, రేపే పనికి పోతా" అంటాడు చిన్నవాడు. ఇంట్లో అప్పు ఉంటే మనమూ సరే అంటాం.

మట్టి పనితోపాటు నేర్చిన పని రేటు కూడా అదే వంతున 1,000కి పెరిగితే? చిన్నవాడికి ఏడాదికి రెండు లక్షలు. తేడా లక్ష. లోటు 2,40,000 పూడటానికి రెండేళ్ల ఐదు నెలలు చాలు. చదువు మళ్లీ గిట్టుబాటయింది.

ఈ మూడు లెక్కల్లో తేలేది ఇదే. అట్టడుగు రేటు ఒక్కటే పెరిగి, పై మెట్ల రేట్లు కదలకపోతే నేర్చుకోవాలన్న ఆశ చస్తుంది. మెట్లన్నీ కలిసి పెరిగితే ఆ ఆశ నిలబడుతుంది. చట్టంలో నాలుగు మెట్లు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా. మెట్టును బట్టి రేటు అడగడం, ఇవ్వడం రెండూ మనమే మరిచిపోతున్నాం.

ఇంకో సంగతి. నాలుగేళ్లయినా సరే, పదహారేళ్ల వాడికి అది ఇరవై రెండేళ్ల వయసుకు వస్తుంది. ఆ తరువాత ముప్పై ఐదేళ్లు పని చేసే శరీరం మిగిలే ఉంటుంది. మట్టి పని చేసేవాడి నడుము నలభై ఐదేళ్లకే మాట వినదు. వైరింగు, మోటారు పని తెలిసినవాడు అరవై దాకా లాగగలడు. ఈ తేడా పై లెక్కలో వెయ్యనేలేదు.

కూలి ఎవరి చేతికి వస్తోంది?

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలయింది. మన రెండు రాష్ట్రాల్లోనూ దాని రోజు కూలి 2023-24లో 272, 2024-25లో 300, 2025-26లో 307 రూపాయలు. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు దాని స్థానంలో 125 రోజుల పని హామీతో కొత్త చట్టం చేసింది. విత్తనం, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపుకునే వీలు అందులో ఉంది.

ఈ పథకం వల్ల పిల్లల చదువు ఏమయిందని రెండు రకాల పరిశోధనలు జరిగాయి. రెండూ తెలుసుకోదగినవే.

2002 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మూడువేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనంలో అనంతపురం జిల్లా పిల్లలూ ఉన్నారు. ఆ లెక్కలు తీసుకుని ఫర్జానా అఫ్రిది, ఆమె తోటివారు చూస్తే, తల్లి ఉపాధి పనికి వెళ్లిన ఇళ్లల్లో పిల్లలు బడిలో ఎక్కువ సమయం గడుపుతున్నారని, పై తరగతులకు వెళుతున్నారని తేలింది. తల్లి చేతికి వచ్చిన కూలి పిల్లవాడి పుస్తకానికి పోయింది.

దేశం మొత్తం మీద లెక్క చూసిన మనీషా షా, బ్రైస్ స్టైన్‌బర్గ్‌లకు ఇంకో కోణం కనిపించింది. పథకం వచ్చిన చోట పదమూడేళ్లు దాటిన పిల్లల్లో బడికి వెళ్లేవాళ్లు, పథకం నడిచిన ఒక్కో ఏడాదికి నూటికి దాదాపు ఇద్దరు చొప్పున తగ్గారు. మగపిల్లలు బయటి పనికి పోయారు. ఆడపిల్లలు పనికి వెళ్లిన తల్లి స్థానంలో ఇంటిపని అందుకున్నారు. ఆ పనికి కూలి ఎవరూ ఇవ్వరు. చదువు మాత్రం పోయింది.

ఒకే కూలి రేటు. తల్లి చేతికొస్తే పిల్లవాడిని బడికి పంపింది. పిల్లవాడినే ఊరిస్తే బడి మాన్పించింది. కనుక రేటు పెరిగినప్పుడు ఇంట్లో ముందుగా చెప్పుకోవలసిన మాట ఒకటే. పెరిగిన కూలి పెద్దవాళ్లం తెచ్చుకుందాం, పిల్లలను మాత్రం కదిలించవద్దు.

ఒకప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం చేలల్లో పూలు గిల్లి పుప్పొడి అద్దే పనికి పదేళ్ల ఆడపిల్లలను దింపారు. వేళ్లు సన్నగా ఉంటాయన్నారు, చెప్పిన మాట వింటారన్నారు. అసలు కారణం కూలి తక్కువ. ఆ పిల్లలు ఆ పనిలో నేర్చుకున్నది తరువాత ఏ పనికీ అక్కరకు రాలేదు. చవక కూలి కుర్రతనాన్ని ఎలా మింగుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కూలి ఇచ్చే రైతుకు

"అన్నీ బాగానే ఉన్నాయి, నా చీనీకాయ ధర పెరగకుండా కూలి మాత్రం పెంచమంటే ఎలా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రేటు తగ్గించి లాభం చేసుకోవాలని చూస్తే మనుషులు బెంగళూరు బస్సెక్కుతారు. కూలి కాస్త ఎక్కువైనా పని త్వరగా, శుభ్రంగా జరిగేలా చూసుకోవడమే మిగిలిన దారి.

• ఊళ్లో ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లకు చీనీ, దానిమ్మ కొమ్మ కత్తిరింపు, అంటు కట్టడం, డ్రిప్పు పైపుల మరమ్మతు నేర్పించండి. తెలియని నలుగురు పాడుచేసే చెట్లను తెలిసిన ఒక్కడు కాపాడతాడు. వాడికి పై మెట్టు కూలి ఇవ్వండి. నష్టం లేదు.

• చిన్న రైతులు పది మంది కలిసి కుర్రవాళ్ల జట్టును సీజన్ మొత్తానికి మాట్లాడుకోండి. మీకు సమయానికి మనుషులు దొరుకుతారు, వాళ్లకు పని దినాలు పెరుగుతాయి. రేటు కన్నా పని దినాలు పెరగడమే కుర్రవాడికి ఎక్కువ మేలు.

• కూలి డబ్బు దొరకని రోజుల్లో పాత ముయ్యి పద్ధతి ఉండనే ఉంది. మీ చేలో వాళ్లు, వాళ్ల చేలో మీరు.

• కూలి పెరిగితే యంత్రం వస్తుంది. దాన్ని ఆపలేం. ఆ యంత్రం నడిపేవాడు, బాగుచేసేవాడు మన ఊరివాడే అయితే డబ్బు ఊళ్లో ఉంటుంది. మన జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. వెళ్లి విచారించండి. మందు కొట్టే డ్రోను నడపాలంటే 2021 నిబంధనల ప్రకారం వయసు పద్దెనిమిది నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి. పది మాన్పించిన పిల్లవాడికి ఆ తలుపు మూసినట్టే.

• పద్నాలుగేళ్లు నిండని పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరం. పద్దెనిమిది నిండని వాళ్లను ప్రమాదకరమైన పనులకు పెట్టరాదు. పురుగుమందు డబ్బా పిల్లల భుజానికి ఎట్టి పరిస్థితిలోనూ తగిలించవద్దు.

పిల్లవాడిని పనికి పంపే ఇంటికి

• చదువు నిజంగా సాగనప్పుడు రోజు కూలి కన్నా అప్రెంటిస్ శిక్షణ మేలు. 1961 అప్రెంటిస్ చట్టం కింద నేర్చుకునేవాళ్లకు కనీస వేతనం వర్తించదు, స్టైపెండ్ ఇస్తారు. 2019 నిబంధనల్లో చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా కనీస స్టైపెండ్ పెట్టారు. కూలి కన్నా తక్కువే. చివర్లో చేతికొచ్చే సర్టిఫికెట్టు పై మెట్టుకు నిచ్చెన.

• 'శిక్షణ' పేరుతో ఒప్పందం కాగితం లేకుండా, ఏడాది తరబడి చాకిరీ చేయించుకునేవాళ్లున్నారు. రాతపూర్వక ఒప్పందం లేని చోట అది శిక్షణ కాదు, మామూలు పనే. కనీస వేతనం ఇవ్వవలసిందే.

• తొలి పని ఎంచుకునేటప్పుడు "రోజుకు ఎంత?" అన్న తరువాత "ఏం నేర్పుతారు?" అని అడగండి. 2019లో ఉత్పత్తి మొదలైన పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీ వంటి చోట్లయినా, పట్నంలో చిన్న షెడ్డయినా ఇదే ప్రశ్న. రెండేళ్లయినా అదే బరువు మోస్తుంటే చోటు మార్చాలి.

• ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో ప్రావిడెంట్ ఫండ్ ఉంటుంది. కుర్రవాడి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. యజమాని వాటాలో కొంత పెన్షన్‌కు పోతుంది. పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలనెలా పెన్షన్ హక్కు. చోటు మారినా అదే యూఏఎన్ నంబరు కొనసాగించాలి. ప్రతి చోటా కొత్త నంబరు తీసుకుంటే సర్వీసు లెక్క ముక్కలవుతుంది.

• జీతం చీటీ అడిగి తీసుకుని ఇనప్పెట్టెలో దాచండి. రేపు ఫిర్యాదుకైనా, అనుభవం చూపడానికైనా అదే సాక్ష్యం.

రైతులు అడిగే ప్రశ్నలు

*ప్రశ్న: మా ఊళ్లో కూలి ప్రభుత్వ రేటు కన్నా ఎక్కువే ఉంది. మాకు ఈ చట్టంతో పనేమిటి?*
జవాబు: నాట్ల, కోతల రోజుల్లో ఎక్కువ ఉండవచ్చు. పని లేని నెలల్లో ఎంతకు దిగుతుందో చూడండి. ఆడవాళ్లకు ఎంత ఇస్తున్నారో చూడండి. సుగ్గికి పోయిన కుర్రవాడికి గుత్త పనిలో రోజుకు ఎంత పడిందో లెక్కవేయండి. చట్టం అక్కడ అవసరమవుతుంది.

*ప్రశ్న: రేటు ఎక్కడ తెలుసుకోవాలి?*
జవాబు: మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అడగండి. మూల వేతనం ఎంత, కరువు భత్యం ఎంత, ఏ మెట్టుకు ఎంత అని మూడూ రాయించుకోండి.

*ప్రశ్న: పిల్లవాడు పది తప్పాడు. ఇప్పుడేం చేయాలి?*
జవాబు: సప్లిమెంటరీ ఉంది, ఓపెన్ స్కూలు ఉంది. ముందు ఆ పరీక్ష కట్టించండి. ఒక్క ఏడాది కూలి పోయినా నష్టం పూడుతుంది. పది లేకపోతే ఎలక్ట్రీషియన్ కోర్సు నుంచి డ్రోను దాకా చాలా తలుపులు తెరుచుకోవు.

చివరిగా

కనీస వేతనం నేల లాంటిది. కాలు కింద గట్టి నేల ఉండాలి, దాని మీద వాదన లేదు. నేల ఎంత ఎత్తుకు లేపినా దాని మీద నిచ్చెన వేసుకోకపోతే కుర్రవాడు అక్కడే నిలబడిపోతాడు. నేల సంగతి ప్రభుత్వం చూడాలి. నిచ్చెన సంగతి ఇంట్లో తల్లిదండ్రులు, చేలో రైతు చూడాలి.

ఈ వారం ఒక కాగితం తీసుకోండి. మీ ఊరి మట్టి పని రేటు, మోటారు మెకానిక్ రేటు, ట్రాక్టరు డ్రైవరు రేటు పక్కపక్కన రాయండి. పైన చెప్పిన పద్ధతిలో లెక్క వేయండి. ఆ కాగితం పిల్లవాడి చేతికే ఇచ్చి చదవమనండి. పదహారేళ్లు వచ్చినవాడికి ఆ మాత్రం లెక్క అర్థమవుతుంది.